నాలుగవ చుక్క



కొన్ని యేండ్ల క్రిందట, వైశాఖమాసములో, ఉక్కకు తాళలేక ఊరివారందఱును ఆరుబయట మంచములు వేసికొని పడుకొన్న ఒకానొక రాత్రి, నేను మా మేడమీది గదిలో హెడ్‌ఫోనులు చెవులకు తగిలించుకొని, 40 మీటర్ల బ్యాండులో, అనగా 7 మెగాహెర్ట్జుల దరిదాపున, మోర్సు ధ్వనులు వినుచు కూర్చుంటిని. సముద్రముమీద ఎక్కడనో ఉఱుములు పుట్టుచుండెను కాబోలు, పోపులో ఆవాలు పేలినట్లు చిటపటలు ఎడతెగక వచ్చుచుండెను. ఆ చిటపటల నడుమ, సన్నని యీలవంటి స్వరముతో, ఎవరో నన్ను పిలిచిరి. నా కాల్‌సైనును అనగా ఆకాశమున నా పేరును, ఒకమాఱు పంపి, తమ కాల్‌సైనును రెండుమాఱులు పంపిరి. జే, ఏ, 8 అన్నంతవఱకు స్పష్టముగ వినవచ్చినది; జపాను ఉత్తరద్వీపమైన హొక్కైడోనుండి వచ్చిన పిలుపది. ఆపైని మూడక్షరములలో మొదటి రెండును చక్కగనే చిక్కినవి. చివరి యక్షరమున చుక్కలే తప్ప గీతలు లేవు. మూడు చుక్కలైన ఎస్, నాలుగైన హెచ్. మూడు చుక్కలు వినబడినవి. నాలుగవది ఉండవలసిన తావున, రెండుమాఱులును, ఉఱుము పడినది.

మరల అడుగవలసినది, అడుగుటకు ఒక్క ప్రశ్నార్థకము పంపినచో చాలును. స్వరము అప్పటికే క్షీణించుచుండుటచేత, అడుగుచు కూర్చున్నచో అసలు సంభాషణమే జాఱిపోవునేమోయని భయపడి, 559 అని నా నివేదిక పంపితిని. ఆయనయు 559 అని పంపి, శుభాకాంక్షలకు సంకేతమైన 73 చెప్పి, చిటపటలలో కలిసిపోయెను. అప్పుడు నేను కంప్యూటరువైపు తిరిగి, కాల్‌సైనుల పట్టికలో ముందు ఎస్‌తో వెదకితిని. పేరున్నది, పట్టణమున్నది, మంచుతో కప్పబడిన పెరటిలో నిలిచిన ఆంటెన్నా ఛాయాచిత్రముకూడ ఉన్నది. పిమ్మట హెచ్‌తో వెదకితిని. అట్టి రికార్డు లేదని వచ్చినది. ఇక సందేహమేల యని, లాగ్‌బుక్కులో ఎస్ అని వ్రాసి, దీపమార్పి పడుకొంటిని. ఆ రాత్రి నేను చేసిన పనిలో దోషమున్నదని నాకు తోచలేదు. ఆ దోషమును గూర్చియే నేడు మీతో మాటలాడ వచ్చితిని.

హామ్ రేడియో యనియు, అమెచ్యూర్ రేడియో యనియు పిలువబడు ఈ వ్యాసంగము మీలో కొందఱకు పరిచితమే. ప్రభుత్వము పెట్టు పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, ధనాపేక్ష లేక, తమ యింటినుండియే ప్రసారము చేయుచు లోకమందలి తోటివారితో సంభాషించువారే హాములు. జరిగిన ప్రతి సంభాషణమును లాగ్‌బుక్కున ఎక్కించుట మాకు నియమము. తేదీ, సమయము, ఫ్రీక్వెన్సీ, మాటయో మోర్సో తెలుపు విధానము, ఎదుటివారి కాల్‌సైను, వారు మనకెట్లు వినబడిరో మనము చెప్పిన అంకెలు, మనము వారికెట్లు వినబడితిమో వారు చెప్పిన అంకెలు. ఒక్క వరుసలో ఇంతయు ఇమిడియుండును. పైని చెప్పిన 559లో మొదటి యంకె స్పష్టతకు, రెండవది బలమునకు, మూడవది స్వరశుద్ధికి సంబంధించినవి. స్పష్టతకు 5, తక్కిన రెంటికిని 9 పరమావధులు. చివరి యక్షరము చిక్కకయే నేను స్పష్టతకు 5 ఇచ్చితినన్నమాట శ్రోతలు గమనించియే యుందురు. తప్పు అక్కడనే మొదలైనది.

కాల్‌సైను నిర్మాణమును తెలుగువారికి బోధించుట మిక్కిలి సులభము. లోకమున చాల జాతులవారు తమ పేరు ముందు చెప్పి వంశనామమును వెనుక చెప్పుకొందురు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కాల్‌సైనుకును అంతే. ముందువచ్చు అక్షరములు దేశమును తెలుపును; నడుమ అంకె వచ్చును; కడపటి అక్షరములే ఆ మనిషివి. మన యింటిపేర్లలో ననేకములు ఊళ్ల పేర్లే యైనట్లు, కాల్‌సైను ఇంటిపేరును భూమిమీది ఒక తావునకు కట్టుబడినదే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియను మన దేశమునకు ఏటీఏ మొదలు ఏడబ్ల్యూజెడ్ వఱకును, వీటీఏ మొదలు వీడబ్ల్యూజెడ్ వఱకును, 8టీఏ మొదలు 8వైజెడ్ వఱకును గల శ్రేణులను కేటాయించినది. అందుండి మన హాములకు సాధారణముగ లభించునది వీయూ. జనరల్ గ్రేడు లైసెన్సు గలవారికి వీయూ2, రెస్ట్రిక్టెడ్ గ్రేడువారికి వీయూ3.

ఈ యేర్పాటు మొదటినుండియు ఉన్నది కాదు. మన దేశమున 1921లో మొట్టమొదట లైసెన్సు పొందిన అమరేంద్రచంద్ర గుప్తుగారి కాల్‌సైను 2జేకే. అదే యేడు రెండవవారుగ వచ్చిన ముకుల్ బోసుగారిది 2హెచ్‌క్యూ. వానియందు దేశమును తెలుపు అక్షరమే లేదు. ఆ కాలమున ఇంగ్లండులోని హాములకును 2తో మొదలగు పిలుపులే యుండెను. సముద్రములు దాటని తరంగములతో ఇరుగుపొరుగువారు మాటలాడుకొన్నంతకాలము ఇంటిపేరులేని పిలుపు చాలినది. స్వల్పతరంగములు ఖండములు దాటుట ప్రారంభించిన పిమ్మట, వినబడిన 2 ఏ దేశపు 2 యను సమస్య పుట్టినది. 1927లో వాషింగ్టనున జరిగిన అంతర్జాతీయ సమావేశమునుండి దేశాక్షరములు హాములకును విధిగ వచ్చి చేరినవి.

వీయూ తరువాతి అంకెలో ఎంత యర్థమున్నదో తెలియుటకు రెండుదాహరణములు చాలును. వీయూ4 అండమాను నికోబారు దీవులకు, వీయూ7 లక్షద్వీపములకు చెందును. అమెరికన్ రేడియో రిలే లీగు 1937లో ప్రారంభించిన డీఎక్స్‌సీసీ యను బిరుదమునకు, కనీసము 100 భూభాగములతో సంభాషించి ధ్రువపఱుపవలెను. నేటి పట్టికలో 340 భూభాగములున్నవి. అందు ఈ రెండు ద్వీపసమూహములును భరతఖండమునుండి వేఱుగ లెక్కకు వచ్చును. ఎన్నో యేండ్లు అండమానునుండి హామ్ ప్రసారమే లేకపోవుటచే, 2004లో హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారి బృందము భారతీ ప్రసాద్‌గారి నాయకత్వమున పోర్ట్‌బ్లెయిరు చేరి, వీయూ4ఆర్‌బీఐ యను పేర ప్రసారము మొదలుపెట్టినప్పుడు, లోకమంతయు ఆ పిలుపుకొఱకు ఎగబడినది. ఆ సంభాషణములు సాగుచుండగనే డిసెంబరు 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చి పడినది. అంతటితో ఆ స్టేషను బిరుదముల లెక్క మాని, దీవులలో చిక్కినవారి క్షేమసమాచారములను ప్రధానభూమికి చేరవేయు కేంద్రమైనది. క్షేమవార్తను మోయు వరుసలో ఒక్క యక్షరము తప్పినచో, ఒకరికి మాఱుగ మఱియొకరు బ్రదికినవారగుదురు. అక్షరమును సరిగ వినుటయను అభ్యాసము ఎందుకు అవసరమని అడుగు కుఱ్ఱవాండ్రకు నేను ఆ డిసెంబరు నెల కథయే చెప్పుదును.

ఇక వెదకుటను గూర్చి. నాకీ విద్య నేర్పిన పెద్దాయన యింట, బీరువాలో, రెండు కాల్‌బుక్కులుండెడివి. ఒక్కొకటి మహానగరపు టెలిఫోను డైరెక్టరీయంత లావు. ఒకటి అమెరికా ఖండపు వారిది, రెండవది తక్కిన లోకమునది. వరుసకొక కాల్‌సైను, దాని ప్రక్కన పేరు, చిరునామా, చీమలబారువంటి అచ్చు. అమెరికాలో తొలుత ప్రభుత్వమే ఇట్టి పట్టికలను 1931 వఱకు ప్రకటించినది. అనంతరము ప్రైవేటు ప్రచురణకర్తల కాల్‌బుక్కే హాములకు ఆధారమై, 1990ల చివర అచ్చు నిలిచిపోవునంతవఱకు నడచినది. క్రొత్త సంపుటము కొనుటకు మావంటివారికి శక్తి యెక్కడిది? ఎవరో విదేశమునుండి వచ్చుచు తెచ్చి యిచ్చిన పాతప్రతియే చేతులు మాఱుచుండెడిది. మా పెద్దాయన దాని అంచులలో పెన్సిలుతో వ్రాసికొన్నవి నాకు అచ్చుకంటె ప్రియములు: ఫలానావారు ఇల్లు మాఱిరి; ఫలానావారి నుండి సంభాషణమును ధ్రువపఱచు కార్డు మూడు నెలలకు వచ్చినది. కొన్ని పేర్ల ప్రక్కన ఎస్‌కే అని రెండక్షరములు మాత్రమే యుండెడివి. సైలెంట్ కీ యని దాని యర్థము. మోర్సు కీ మ్రోగుట ఆగిపోయిన వారిని, అనగా కాలధర్మము చెందిన వారిని, మేము అట్లు చెప్పుకొందుము.

నేడు ఆ బీరువా అవసరము లేదు. క్యూఆర్‌జెడ్ యను పట్టికలో కాల్‌సైను కొట్టినచో క్షణములో సర్వమును ప్రత్యక్షమగును. వైర్‌లెస్సువారు వాడు క్యూ సంకేతములలో ఆ మూడక్షరముల కర్థము, నన్ను పిలుచుచున్నది ఎవరు అని. ఆ పట్టికకు అంతకంటె తగిన పేరు మఱియొకటి యుండదు. అయితే ఆ ప్రశ్నకు సమాధానము ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొని యుండుట మంచిది. అమెరికాలో లైసెన్సుదారుల పేర్లను, చిరునామాలను ప్రభుత్వమే బహిరంగముగ ఉంచును గనుక, ఆ దేశపు పుటలు సామాన్యముగ నిండియుండును. పెక్కు దేశములలో అట్టి ఆచారము లేదు. అక్కడివారి వివరములు వారు స్వయముగ వ్రాసికొన్ననే యుండును, వ్రాసికొననిచో ఉండవు. కనుక పట్టికలో పేరు లేకపోవుటకు, ఆకాశమున ఆ పేరుగల స్టేషను లేకపోవుటకు ఏ సంబంధమును లేదు. నేను ఆ వైశాఖరాత్రి గ్రహింపనిది సరిగా ఇదియే.

పట్టికలో ఉన్నదానిని చదువుటకైనను కొంత చదువు కావలెను. కేజీ4 అను ఇంటిపేరును చూడుడు. దాని తరువాత రెండక్షరములున్నచో ఆ స్టేషను క్యూబా ద్వీపమునందలి గ్వాంటనామో స్థావరమునది. మూడక్షరములున్నచో అమెరికా ప్రధానభూమియందలి సామాన్యగృహస్థుది. ఒక్క యక్షరము విడిచి వ్రాసినచో మనిషి సముద్రము దాటిపోవును. కేహెచ్6 హవాయి, కేఎల్7 అలాస్కా. ఇవన్నియు లాగు వ్రాయు ప్రోగ్రాములలోని దేశపట్టిక ఫైలులో ఎక్కియుండును. ఫైలును ఎప్పటికప్పుడు క్రొత్తది తెచ్చి పెట్టుకొననిచో, ప్రోగ్రాము నిశ్చింతగా తప్పు దేశమును చూపును.

అమెరికా కాల్‌సైను నడుమనున్న అంకె కథ మఱియు చిత్రమైనది. పూర్వము 6 అన్న కాలిఫోర్నియా, 1 అన్న న్యూ ఇంగ్లండు రాష్ట్రములు. నివాసము మాఱినవారు కాల్‌సైనును మార్చుకొనవలసియుండెడిది. 1970ల చివరనుండి ఆ నిర్బంధము తొలగినది. నేడు 6 గలవాడు ఫ్లోరిడాలో ఉండవచ్చును. గోదావరి యొడ్డున పుట్టి పెరిగినవాని యింటిపేరులో రాయలసీమ గ్రామమొకటి నిలిచియుండుటయు, ఆ గ్రామమును అతని తాతయైనను చూడకపోవుటయు మనమెఱుగనిది కాదు; అట్టిదే ఇదియును. అమెరికా రాష్ట్రములను ఒక్కొక్కటిగ కూడబెట్టువారికి అంకె చాలదు, పట్టికయే శరణ్యము. అంతకంటెను మంచిది, ఆయననే అడుగుట.

కాల్‌సైనులు చేతులు మాఱునను విషయమునుకూడ మఱువరాదు. అమెరికాలో ఒకరు గతించిన కొంతకాలమునకు వారి పిలుపు మఱియొకరికి లభింపవచ్చును. ఇరువదియేండ్లనాటి లాగును ముందుంచుకొని నేటి పట్టికలో వెదకువాడు, అప్పుడు పసిబిడ్డగా నున్నవాని పేరును ఆనాటి సంభాషణమునకు అంటగట్టు ప్రమాదము కలదు. అట్లే ఏటవాలు గీతతో వచ్చు గుర్తులు: 4ఎస్7 తరువాత గీతయు, పిమ్మట వీయూ2తో మొదలగు గుర్తును వినబడినచో మనవారెవరో శ్రీలంకలో కూర్చుండి పిలుచుచున్నారని యర్థము, గీత వెనుక రెండు ఎమ్‌లు వచ్చినచో ఆ మనిషి నడిసముద్రమున ఓడమీద నున్నాడు. పట్టిక మాత్రము గీతతో చేర్చిన అదనపు గుర్తును విడిచి, ఇంటిలోని చిరునామానే చూపును.

ఇంటి చిరునామాను గూర్చి ఒక్కమాట. వెదకినవారందఱకును ఒకరి గడప కనబడుట నాకు మనసునకు నచ్చిన సంగతి కాదు. కార్డు పంపదలచినచో చిరునామా తీసికొందును. పంపనిచో దానిని నా లాగులో దింపుకొనను.

సమయమును గూర్చికూడ చెప్పవలెను. లోకమందలి లాగులన్నియు సార్వత్రికసమయమునే, అనగా మన గడియారమునకు అయిదున్నర గంటలు వెనుకనున్న కాలమునే అనుసరించును. జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున 2 గంటలకు మాటలాడినచో, లాగులో అది డిసెంబరు 31, 20 గంటల 30 నిమిషములు. రోజు, నెల, సంవత్సరము మూడును మాఱిపోవును. 2003నుండి నడచుచున్న లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ యను వ్యవస్థలో, ఇరువురి లాగులలోని కాల్‌సైనులు, బ్యాండు, విధానము సరిపోయి, సమయములు అరగంటలోపల కలిసిననే ఆ సంభాషణము ధ్రువపడును. తేదీ తప్పినవాని సంభాషణము, జరిగియు, ఎన్నటికిని జరిగినట్లు ఋజువు కాదు.

స్థానమును తెలుపుటకు 1980లో ఇంగ్లండునందలి మేడెన్‌హెడ్ పట్టణమున కుదిరిన చతురస్రముల లెక్క యున్నది. భూగోళమును 20 డిగ్రీల రేఖాంశము, 10 డిగ్రీల అక్షాంశము గల గళ్లుగ విభజించి రెండక్షరములు పెట్టి, ఒక్కొక్క గడిని తిరిగి నూఱు భాగములు చేసి రెండంకెలు చేర్చిరి. 80వ రేఖాంశము హైదరాబాదునకును విజయవాడకును నడుమ పోవుటచేత, హైదరాబాదు ఎంకే97లోను, విజయవాడ ఎన్‌కే06లోను పడినవి. ఎమ్, ఎన్ అను రెండింటిని మాటలో వేఱుపఱచి వినుట ఎంత కష్టమో ఈ మైక్రోఫోను ముందు కూర్చున్న నాకును, రేడియోల ముందు కూర్చున్న మీకును తెలియును. అందుకే మేము మైక్ అనియు, నవంబర్ అనియు విడమరచి చెప్పుదుము. మోర్సులో ఎమ్ రెండు గీతలు, ఎన్ గీతయు చుక్కయు.

ఇంతకును నేను చెప్పదలచినది వెదకుట వలదని కాదు. వెదకుటలో ఆనందమున్నది, పేరు తెలిసిన పిమ్మట ఆ ఈలస్వరమునకు ఒక ముఖము వచ్చును, ఒక ఊరు వచ్చును. నా కభ్యంతరమెల్ల వరుస తప్పుటయందే. ఇప్పటి ప్రోగ్రాములు మూడక్షరములు కొట్టునంతలో నాలుగవదానిని తామే సూచించును. సంభాషణము ముగియకమునుపే పేరు, ఊరు గళ్లలో వచ్చి కూర్చుండును. ఎదుటివాడు తన పేరు చెప్పుచుండగా మనము వినము, ఏలయన అది తెరమీద కనబడుచునే యున్నది. ఒకనాడు తెరమీది పేరుతో నేనొకరిని సంబోధించి పలుకరింపగా, అవతలినుండి వచ్చిన సమాధానము, ఆ స్టేషను యజమాని తన తండ్రియనియు, ఆయన ప్రక్కన నుండగా తాను నేర్చుకొనుచున్నాననియు. ఆ బాలుని గొంతులోని బాల్యము తెర చూచుచున్న నాకు వినబడలేదు. నాటినుండి నేను చెవికి చిక్కినదానిని సిరాతో వ్రాసికొందును. పట్టికలో దొరకినదానిని పెన్సిలుతో వ్రాసికొందును. చిక్కని యక్షరమున్నచో ఆ తావున చుక్క పెట్టి విడిచెదను. ఖాళీ తావును చూచి సిగ్గుపడవలసిన పని లేదు.

హొక్కైడో కథ మిగిలినది. ఎస్ గుర్తుగల ఆయనకు నేను కార్డు పంపితిని. ఆఱు నెలలకు నా కార్డే తిరిగివచ్చినది. వెనుకవైపున, మిక్కిలి మర్యాదగా, ఈ సంభాషణము తమ లాగులో లేదనియు, మన్నింపవలెననియు వ్రాసియుండెను. తప్పు నాది, మన్నింపు కోరినది ఆయన. ఆ పిమ్మటి యేడు సంక్రాంతి వెళ్లిన తరువాత, హాముల కార్డులను చేరవేయు క్యూఎస్‌ఎల్ బ్యూరోనుండి వచ్చిన కట్టలో ఒక కార్డు కనబడినది. తేదీ అదే. సమయము 16 గంటల 10 నిమిషములు, అదే. 7 మెగాహెర్ట్జులు, మోర్సు, 559. కాల్‌సైను చివర హెచ్. అడుగున, వణకు చేతివ్రాతతో, ఇండియా తనకు ఇదియే మొదటిసారి యని ఒక పంక్తి.

పాత లాగ్‌బుక్కు తీసి, ఆ రాత్రి వరుసలోని ఎస్ మీద, క్రింది యక్షరము కనబడునట్లే ఒక్క గీత గీచి, ప్రక్కన హెచ్ అని వ్రాసి, దిద్దిన తేదీ వేసితిని. ఆపైని కంప్యూటరులో ఆ కాల్‌సైనును మరల వెదకి చూచితిని. అట్టి రికార్డు లేదనియే వచ్చినది. కార్డు నా యెడమచేతిలో ఉన్నది.